స్మోర్ సరిగ్గా చేయడం ఎలా: నిప్పుల సెగ నుంచి ఉస్మానియా బిస్కెట్ దాకా

అమెరికాలో క్యాంపింగ్‌కి వెళ్లిన మనవాళ్లలో చాలామందికి స్మోర్ పరిచయమే: రెండు బిస్కెట్ల మధ్య చాక్లెట్, కాల్చిన మార్ష్‌మాలో (స్పాంజిలా మెత్తగా ఉండే తీపి) పెట్టి చేసే మిఠాయి. ఒక్కసారి కొరికి "అమ్మో, తీపి ఎక్కువ" అని పక్కన పెట్టేసినవాళ్లూ వాళ్లలో తక్కువేం కాదు. వాళ్లను తప్పుపట్టలేం. పైన మాడిపోయి లోపల చల్లగా మిగిలిన మార్ష్‌మాలో, కింద కరగకుండా గట్టిగా ఉన్న చాక్లెట్, కొరకగానే ఒళ్లో రాలిపోయే బిస్కెట్. క్యాంపుల్లో ఎక్కువగా చేతికొచ్చేది ఇదే.

సరిగ్గా చేసిన స్మోర్ వేరు. మార్ష్‌మాలో పైపొర పల్చగా, బంగారు రంగులో, పాకం వాసన వేస్తూ ఉంటుంది. లోపలిదంతా కరిగి సాగుతుంది. చాక్లెట్ మెత్తబడి బిస్కెట్‌ని పట్టుకుంటుంది. బిస్కెట్ మాత్రం కరకరలాడుతూనే ఉంటుంది. ఈ మూడూ ఒకే సమయానికి సిద్ధం కావాలి. మార్ష్‌మాలో నిప్పు మీంచి దిగాక నిమిషం లోపే తినేయాలి. చేసే పనంతా ఆ నిమిషం కోసమే. అందుకని సరుకులు ఎంత మంచివి కొన్నా, సెగని చూసుకోవడం రాకపోతే స్మోర్ రాదు.

అసలు స్మోర్ అంటే ఏది?

రెండు గ్రాహమ్ క్రాకర్ (గోధుమ బిస్కెట్) ముక్కలు, వాటి మధ్య మిల్క్ చాక్లెట్, నిప్పుల మీద కాల్చిన మార్ష్‌మాలో. అంతే. అమెరికాలో ఆడపిల్లల సంస్థ అయిన గర్ల్ స్కౌట్స్ 1927లో వేసిన క్యాంపింగ్ పుస్తకంలో ఇది ‘సమ్ మోర్’ అనే పేరుతో ఉంది. 8 మందికి 16 క్రాకర్లు, 8 చాక్లెట్ బార్లు, 16 మార్ష్‌మాలోలు, కాల్చుకోవడానికి పుల్లలు. అంటే మనిషికి ఒక్క స్మోరే, కానీ అందులో రెండు మార్ష్‌మాలోలు, ఒక బార్ మొత్తం. మార్ష్‌మాలోలను నిప్పుల మీద కాల్చమని అప్పుడే రాశారు. దాదాపు వందేళ్లు గడిచినా జనం వాటిని మంటలో దూర్చడం మానలేదు.

ఇందులో పడే మూడు సరుకులూ అప్పటికే అమెరికా కిరాణా కొట్లలో చవగ్గా దొరికేవి. హర్షీస్ మిల్క్ చాక్లెట్ బార్ 1900లో వచ్చింది. గ్రాహమ్ పేరు 19వ శతాబ్దపు మతబోధకుడు సిల్వెస్టర్ గ్రాహమ్‌ది. తవుడు తీయని ముతక గోధుమ పిండితో చేసిన రొట్టె తినాలని, మాంసం, మద్యం మానాలని ఆయన ఊరూరా తిరిగి చెప్పేవాడు. నబిస్కో కంపెనీ 1925లో తేనె కలిపిన హనీ మెయిడ్ క్రాకర్లు తెచ్చింది. నేటికీ స్మోర్ అనగానే అమెరికన్లు అల్మరాలోంచి తీసేది ఎక్కువగా ఆ రకం బిస్కెట్టే.

మార్ష్‌మాలోలో జరిగే పని

దీన్ని అర్థం చేసుకుంటే మిగతాదంతా సులువు. మార్ష్‌మాలో అంటే పంచదార, కార్న్ సిరప్, జెలటిన్, ఇంకా గాలి. పరిమాణంలో సగానికి పైగా గాలే ఉంటుంది. జెలటిన్ సుమారు 35 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది, అంటే నోట్లో వేసుకున్నా కరిగేంత తక్కువ వేడి. కానీ పైన పంచదార రంగు మారి పాకం రుచి రావాలంటే 150 డిగ్రీలు దాటాలి.

చిక్కు ఎక్కడొస్తుందంటే, గాలి బుడగలు వేడిని లోపలికి తొందరగా పోనివ్వవు. మంటలో పెడితే పైపొర కొన్ని సెకన్లలోనే మాడిపోతుంది, లోపలికి మాత్రం వేడి చేరదు. సెగ మీద నిదానంగా తిప్పితే లోపల కరగడానికి సమయం దొరుకుతుంది, ఆలోగా పైన రంగు వస్తుంది. లోపలి గాలి వ్యాకోచించి మార్ష్‌మాలో ఉబ్బుతుంది. ఆ ఉబ్బు చూస్తే లోపల ఎంత కరిగిందో తెలిసిపోతుంది.

ఇంకో సంగతి. మామూలు సైజు మార్ష్‌మాలో బరువు 7 గ్రాముల వరకే ఉంటుంది. అంత తేలికైన వస్తువు ఎంత వేడెక్కినా అందులో నిలవుండే వేడి కొంచెమే. మందపాటి చాక్లెట్ ముక్కను కరిగించడానికి అది చాలదు. అందుకే చాక్లెట్‌ని విడిగా ముందే వెచ్చబెట్టాలి. ఈ ఒక్కటి చేస్తే చాలు, మీ స్మోర్ సగం బాగుపడినట్టే.

సరుకులు

అమెరికాలో ఉంటే గ్రాహమ్ క్రాకర్ పలకని మధ్యలో విరిస్తే రెండు చదరపు ముక్కలు వస్తాయి, ఒక స్మోర్‌కి అవి సరిపోతాయి. ఇండియాలో గ్రాహమ్ క్రాకర్లు అన్ని చోట్లా దొరకవు. దానికి దగ్గరగా ఉండేది డైజెస్టివ్ బిస్కెట్: గోధుమ రుచి ఉంటుంది, తీపి తక్కువ. కాస్త మందం ఎక్కువ కాబట్టి చాక్లెట్ కొంచెం ఎక్కువ పడుతుంది. మారీ బిస్కెట్ పల్చన, కరకర బాగుంటుంది, కానీ గట్టిగా నొక్కితే పగులుతుంది. పార్లే-జీ మనందరికీ ఇష్టమే గానీ స్మోర్‌కి చిన్నదైపోతుంది, తీపి కూడా ఎక్కువ. చిన్న మార్ష్‌మాలోలతో పిల్లలకి చేసేటప్పుడు వాడుకోవచ్చు. ఏ బిస్కెట్ అయినా మెత్తబడి ఉండకూడదు. విశాఖ, కాకినాడ లాంటి ఊళ్లలో ప్యాకెట్ విప్పి పెట్టిన గంటకే గాలిలోని తేమ పీల్చేస్తుంది, కాబట్టి వాడే ముందే విప్పండి.

చాక్లెట్ పల్చటి బార్ ఉండాలి. మందంగా ఉంటే ఎంత చేసినా కరగదు. హర్షీస్ 43 గ్రాముల బార్‌లో 12 గళ్లు ఉంటాయి. ఒక స్మోర్‌కి మూడు నాలుగు గళ్లు, అంటే 10 నుంచి 14 గ్రాములు చాలని నా అభిప్రాయం. 1927 నాటి లెక్క ప్రకారం బార్ మొత్తం వేస్తే తీపి మొహం మొత్తుతుంది. హర్షీస్ చాక్లెట్‌లో సన్నటి పులుపు ఉంటుంది, అలవాటు లేనివాళ్లకి నచ్చకపోవచ్చు. వాళ్లు డెయిరీ మిల్క్ లాంటిది వాడుకోవచ్చు. నన్నడిగితే 50 నుంచి 60 శాతం కోకో ఉన్న డార్క్ చాక్లెట్ అన్నిటికన్నా బాగా కుదురుతుంది, మార్ష్‌మాలో తీపిని దాని చేదు సరిచేస్తుంది. డార్క్ చాక్లెట్‌లో పాల కొవ్వు ఉండదు, లేదా తక్కువ ఉంటుంది కాబట్టి మిల్క్ చాక్లెట్ కన్నా కాస్త ఆలస్యంగా మెత్తబడుతుంది, అదనంగా ఒక నిమిషం వెచ్చబెట్టండి.

ఇక మార్ష్‌మాలో. మన ఇళ్లలో దీని గురించి మొదట అడిగే ప్రశ్న "ఇది వెజ్జేనా?" అని. అడగాల్సిందే. జెలటిన్ జంతువుల చర్మం, ఎముకల నుంచి వస్తుంది, అమెరికాలో చాలా బ్రాండ్లలో అది పంది నుంచి తీసిందే. ఇండియాలో ప్యాకెట్ మీద గుర్తు చూస్తే తెలిసిపోతుంది: ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారం, గోధుమ రంగు త్రికోణం ఉంటే మాంసాహారం. పాత ప్యాకెట్ల మీద త్రికోణం బదులు గోధుమ రంగు చుక్క ఉండొచ్చు. అమెరికాలో అలాంటి గుర్తు తప్పనిసరి కాదు, వెనక ఉన్న పదార్థాల పట్టీ చదవాలి. డ్యాండీస్ లాంటి వీగన్ (జంతు పదార్థాలేవీ లేని) మార్ష్‌మాలోలు అక్కడ పెద్ద కొట్లలో దొరుకుతాయి. హలాల్ జెలటిన్‌తో చేసినవీ ఉన్నాయి. వీగన్ వాటిలో జెలటిన్ బదులు వేరే పదార్థాలుంటాయి కాబట్టి ఉబ్బడం తక్కువ, కరిగే తీరు కూడా వేరు. ముందు ఒకటి కాల్చి చూసుకుని దూరం, సమయం మార్చుకోండి. గుంపులో శాకాహారులుంటే వాళ్ల పుల్లలు వేరుగా ఉంచడం మర్యాద.

నిప్పులు సిద్ధం చేయడం

స్మోర్ తినాలనుకున్న సమయానికి 45 నిమిషాల నుంచి గంట ముందే మంట వేయాలి. ముందు ఎండు చితుకులు, తర్వాత బొటనవేలు లావు కొమ్మలు, ఆ పైన చేతి మందం కట్టెలు. గట్టి కట్టె అయితే నిప్పులు ఎక్కువసేపు నిలుస్తాయి. అమెరికాలో ఓక్, మేపుల్, హికరీ మంచివి. మన దగ్గర తుమ్మ, చింత, మామిడి, సరుగుడు బాగుంటాయి. పైన్ లాంటి జిగురున్న కట్టె పొగ, మసి పెడుతుంది, ఆ వాసనంతా మార్ష్‌మాలోకి పడుతుంది. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, మందు పట్టించిన చెక్క వద్దే వద్దు. అవి కాలితే వచ్చే పొగ విషం. సంక్రాంతికి ఊరెళ్లి భోగి మంట మీద పిల్లలకి మార్ష్‌మాలో కాల్చి పెడదామనుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. అందులో పాత తలుపులు, విరిగిన కుర్చీలు, ప్లాస్టిక్ కూడా పడుతుంటాయి. కావాలంటే పక్కనే మంచి కట్టెతో చిన్న నెగడు వేరుగా వేసుకోండి.

మంట తగ్గి, ఎర్రటి నిప్పుల మీద పల్చగా నివురు పట్టినప్పుడు సెగ సరిగ్గా ఉంటుంది. కొన్ని నిప్పులను ఒక పక్కకి లాగి పరవండి. చలి కాచుకోవాలనుకుంటే మంటని రెండో పక్కన కొనసాగించవచ్చు. సెగ ఎంతుందో చూడటానికి థర్మామీటర్ అక్కర్లేదు. మార్ష్‌మాలో పట్టుకునే ఎత్తులో అరచేయి పెట్టి లెక్కపెట్టండి. నాలుగైదు సెకన్లు ఓర్చుకోగలిగితే సరిపోయింది. రెండు సెకన్లకే చేయి వెనక్కి లాక్కుంటే ఇంకాస్త ఆగాలి.

ఎక్కడ పడితే అక్కడ మంట వేయకూడదు. అమెరికా పార్కుల్లో మంటకి ఇనుప చుట్టు ఉన్న చోటే వేయాలి, ఎండలు ముదిరిన నెలల్లో పూర్తిగా నిషేధం కూడా ఉంటుంది. కట్టెలు కూడా క్యాంపు దగ్గర్లోనే కొనాలి, ఎక్కడినుంచో తీసుకెళ్తే వాటిలోని పురుగులు అక్కడి చెట్లకి పడతాయి. మన దగ్గర రిజర్వ్ ఫారెస్ట్‌లో నిప్పు పెట్టడం నేరం. లంబసింగి, అరకు, అనంతగిరి లాంటి చోట్ల క్యాంపు నడిపేవాళ్లు చూపించిన స్థలంలోనే వేయండి.

పుల్ల

రెండు మూరల పొడవుంటే చేయి కాలదు, ముఖానికి సెగ కొట్టదు. రెండు మొనలున్న ఇనుప ఫోర్కులు అమెరికాలో దొరుకుతాయి, వాటి మీద మార్ష్‌మాలో జారకుండా తిరుగుతుంది. వెదురు పుల్లలైతే అరగంట నీళ్లలో నానబెట్టండి. చెట్టు కొమ్మ విరిచే ముందు అది ఏ చెట్టో తెలుసుకోండి. గన్నేరు మొక్క ఆకు నుంచి వేరు దాకా విషం, రోడ్డు పక్కన, తోటల్లో విరివిగా ఉంటుంది, దాని పుల్ల పొరపాటున కూడా వాడొద్దు. జిల్లేడు కూడా అంతే. వేప పుల్లతో ప్రమాదం లేదు గానీ చేదు తగులుతుంది. జామ, మామిడి కొమ్మలు నిక్షేపంగా పనికొస్తాయి. మొన దగ్గర బెరడు తీసి చెక్కండి.

కాల్చే పద్ధతి

ముందు బిస్కెట్ మీద చాక్లెట్ పెట్టి, నిప్పుల అంచున వేడిగా ఉన్న రాయి మీదో, ఇనుప జాలీ మీదో ఉంచండి. కోకో వెన్న 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి పెద్ద వేడి అవసరం లేదు. గళ్ల అంచులు మెరుస్తూ, వేలితో తాకితే గుంట పడుతుంటే చాలు. పూర్తిగా కరిగి కారితే బిస్కెట్ మెత్తబడుతుంది, పైగా కొరికినప్పుడు అంతా బయటికి వచ్చేస్తుంది. మే నెలలో విజయవాడలో చేస్తుంటే ఈ పని వదిలేయవచ్చు, చాక్లెట్ ముందే మెత్తబడి ఉంటుంది.

మార్ష్‌మాలోని పుల్లకి నిలువుగా గుచ్చండి, మొన అవతలి వైపు కొంచెం బయటికి రావాలి. అలా అయితేనే కరిగాక జారి నిప్పుల్లో పడదు. నిప్పుల మీద జానెడు ఎత్తులో పట్టుకుని ఆపకుండా మెల్లగా తిప్పండి. మొదటి నిమిషం ఏమీ జరిగినట్టు కనిపించదు. ఇక్కడే చాలామంది ఓపిక చాలక మంటలోకి దించేస్తారు. ఆగండి. తర్వాత పైన సన్నగా మెరుపు వస్తుంది, చిన్న చిన్న బుడగలు లేస్తాయి, పసుపు రంగు తిరుగుతుంది. రెండు మూడు నిమిషాలకి చుట్టూ ఒకే రకంగా బంగారు రంగు వచ్చి, మార్ష్‌మాలో స్పష్టంగా ఉబ్బి, పుల్ల మీద వదులుగా ఊగుతుంది. అప్పుడు తీయాలి.

ఒక పక్క ముందే ఎర్రబడుతుంటే అక్కడ నిప్పులు ఎక్కువున్నట్టు, కొంచెం పక్కకి జరపండి. రంగు త్వరగా వచ్చి ఉబ్బు లేకపోతే మరీ దగ్గరగా పెట్టినట్టు, నాలుగు వేళ్ల ఎత్తు పెంచండి. రంగు రాకుండానే జారిపోతుంటే సెగ చాలడం లేదు, నిప్పుల్ని విసనకర్రతో విసిరి రాజేయండి.

అంటుకుంటే? నోటితో ఊది ఆర్పండి. పుల్లని గాల్లో ఊపొద్దు. కాలుతున్న పాకం ఎగిరి పక్కవాళ్ల మీద పడితే చర్మానికి అతుక్కుని లోతుగా కాలుస్తుంది. అలా కాలితే వెంటనే చల్లటి కుళాయి నీళ్ల కింద 20 నిమిషాలు పెట్టాలి. టూత్‌పేస్టు, నెయ్యి, ఇంకు లాంటివి రాయకూడదు. నాలుగేళ్ల లోపు పిల్లలకి మార్ష్‌మాలో గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది, వాళ్లకి ఇవ్వకపోవడమే మంచిది. పెద్ద పిల్లలకైనా దించిన వెంటనే నోట్లో పెట్టనివ్వకండి, పైపొర చల్లారినా లోపల మరుగుతూనే ఉంటుంది.

మాడినదే ఇష్టమనేవాళ్లు కొందరుంటారు. అందులో తప్పేం లేదు, ఆ చేదు చాక్లెట్‌తో బాగానే కలుస్తుంది. వాళ్లు కూడా ముందు సెగ మీద లోపలంతా కరిగించి, చివర్లో ఒక్క క్షణం మంటకి తాకిస్తే రెండూ దక్కుతాయి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పద్ధతి పొరల పద్ధతి. మార్ష్‌మాలో బంగారు రంగుకి రాగానే పైపొరని వేళ్లతో మెల్లగా లాగితే గొట్టంలా ఊడొస్తుంది. దాన్ని బిస్కెట్ మీద పెట్టి, పుల్లకి మిగిలిన తెల్లటి గుజ్జుని మళ్లీ కాల్చండి. దానికీ కొత్త పొర వస్తుంది. రెండూ కలిపి పెడితే కాలిన రుచి రెట్టింపవుతుంది.

కూర్చడం

వెచ్చబెట్టిన బిస్కెట్, చాక్లెట్ పైకి మార్ష్‌మాలో తేవాలి. రెండో బిస్కెట్‌తో పైనుంచి పట్టుకుని పుల్లని వెనక్కి లాగండి. నొక్కడం నిదానంగా ఉండాలి: గుజ్జు అంచుల దాకా వస్తే ఆపేయండి. 20, 30 సెకన్లు అలాగే చేతిలో పట్టుకోండి. ఆ లోగా పై బిస్కెట్ అతుక్కుంటుంది, మిగిలిన చాక్లెట్ కరుగుతుంది, నోరు కాలదు. ఉప్పు ఇష్టమైతే మూత పెట్టే ముందు రెండు పలుకుల కల్లుప్పు చాక్లెట్ మీద వేయండి. అంత చిన్న పనికి రుచిలో అంత తేడా రావడం ఆశ్చర్యంగా ఉంటుంది.

తినడం అయ్యాక నిప్పు మీద నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోయాలి. చేతి వెనక వైపు దగ్గరగా పెడితే వేడి తగలకూడదు. అప్పటిదాకా అక్కడి నుంచి కదలొద్దు.

నెగడు లేకపోతే

ఇంట్లో చేసుకునేవాళ్లకి నా మొదటి సలహా కుంపటి. అమ్మమ్మల కాలం నాటిది అటక మీద ఉంటే దింపండి. బొగ్గులు రాజేసి నివురు పట్టాక అంతకన్నా నిలకడైన సెగ ఇంకెక్కడా దొరకదు. కానీ ఆరుబయటో, గాలి బాగా ఆడే బాల్కనీలోనో మాత్రమే. తలుపులు వేసిన గదిలో బొగ్గులు కాలిస్తే వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

గ్యాస్ స్టవ్ మీద కూడా కుదురుతుంది. చిన్న బర్నర్, సన్న మంట, బెత్తెడు పైన. చెక్క పిడి ఉన్న ఫోర్కు వాడండి. పుల్కా జాలీ మీద నేరుగా పెడితే అతుక్కుని ఊడిరాదు, బర్నర్ కన్నాల్లో పడితే పూడుకుపోతుంది. ఓటీజీ ఓవెన్ ఉంటే పై రాడ్ మాత్రమే వేసి 220 డిగ్రీలకి వేడి చేయండి. మార్ష్‌మాలోని అడ్డంగా రెండుగా కోసి, కోసిన వైపు కిందకి ఉండేలా చాక్లెట్ మీద పెట్టి పై అరలో ఉంచండి. ఒకటి రెండు నిమిషాల్లో అయిపోతుంది, కళ్లు తిప్పకుండా చూడాలి. మైక్రోవేవ్ వద్దు. పది సెకన్లకి బెలూన్‌లా ఉబ్బుతుంది గానీ రంగు రాదు, చల్లారితే రబ్బరు ముక్క.

మార్పులు, చేర్పులు

స్మోర్‌లో ఎక్కువయ్యేది తీపి. తక్కువయ్యేవి ఉప్పు, పులుపు, చేదు. ఏ మార్పు చేసినా వీటిలో ఒకదాన్ని తెచ్చేలా చూసుకోండి. తీపికి తీపి కలిపే వాటిని, అంటే ఓరియోలు, కారమెల్ సాస్, రంగు రంగుల చక్కెర గుళికలు వేసేవాటిని, నేను వదిలేశాను.

ఉస్మానియా బిస్కెట్‌తో చేసే స్మోర్ దీనికి మంచి ఉదాహరణ. వెన్న రుచి, అంచున తెలిసే ఉప్పు, ఇరానీ చాయ్‌తో తినే అదే బిస్కెట్. హైదరాబాద్‌లో ఎలాగూ దొరుకుతుంది, అమెరికాలో ఇండియన్ స్టోర్లలో కూడా ఉంటుంది. గ్రాహమ్ క్రాకర్ కన్నా పొడిగా విరుగుతుంది, కాబట్టి చాక్లెట్ కొంచెం ఎక్కువ మెత్తబడేదాకా ఆగండి, అప్పుడు నొక్కాల్సిన పని ఉండదు. డార్క్ చాక్లెట్ దీనికి జోడీ. కేవలం ఉప్పు కావాలనుకుంటే మొనాకో బిస్కెట్లతో చిన్న చిన్నవి చేయవచ్చు, పిల్లలు ఎగబడతారు.

పులుపుకి మామిడి తాండ్ర. ఆత్రేయపురం తాండ్ర లాంటిదాన్ని అగ్గిపుల్ల మందంలో పల్చగా కోసి చాక్లెట్ కింద పెట్టాలి. మందంగా ఉంటే పళ్లకి అంటుకుని మిగతా రుచుల్ని మింగేస్తుంది. చాక్లెట్‌ని సగానికి తగ్గించండి. అదే ఊరి పూతరేకుని బిస్కెట్ బదులు వాడొచ్చా అనే ఆలోచన వస్తుంది. వద్దు. వేడి గుజ్జు తగలగానే ఆ పల్చటి రేకు చీకిపోతుంది, పూతరేకు అందమంతా పోతుంది.

కారం కావాలంటే డార్క్ చాక్లెట్ మీద చిటికెలో సగం ఎండుమిర్చి పొడి, రెండు పలుకుల ఉప్పు. గుంటూరు కారమైతే ఇంకా తగ్గించండి. చాక్లెట్‌కి మిరపకాయ జత కావడం మెక్సికోలో ఎప్పటి నుంచో ఉన్నదే. కాఫీ ఇష్టపడేవాళ్లు అరకు కాఫీ పొడిని నలకలు తగలనంత మెత్తగా చేసి అదే చోట చల్లుకోవచ్చు, మార్ష్‌మాలో తీపి వెంటనే తగ్గినట్టనిపిస్తుంది.

చాక్లెట్ కూడా మన ఊరిది కావాలంటే దారి ఉంది. దేశంలో కోకో పండించే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్‌ది ముందు వరస. ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో కొబ్బరి, పామాయిల్ తోటల నీడలో దాన్ని అంతర పంటగా వేస్తారు. ఆ గింజలతో హైదరాబాద్‌లోని ‘మనం చాక్లెట్’ లాంటి సంస్థలు మంచి డార్క్ బార్లు చేస్తున్నాయి. పల్చటి బార్ చూసి కొనండి, ధర ఎక్కువ కాబట్టి రెండు గళ్లతో సరిపెట్టినా రుచి తెలుస్తుంది.

పప్పుల్ని లోపల పెట్టడం కన్నా మార్ష్‌మాలోకి పట్టించడం మేలు. కాల్చి దించగానే పైపొర జిగురుగా ఉంటుంది. వేయించి కచ్చాపచ్చాగా దంచిన పల్లీల్లో, లేదా పలాస జీడిపప్పులో దొర్లించి అప్పుడు బిస్కెట్ల మధ్య పెట్టండి. దోరగా వేయించిన ఎండు కొబ్బరి తురుము కూడా బాగుంటుంది. పల్లీ చిక్కీని బిస్కెట్‌గా వాడితే మాత్రం పళ్లకి పని ఎక్కువ. అమెరికన్లు ఇదే రుచి కోసం చాక్లెట్ బదులు రీసెస్ పీనట్ బటర్ కప్ పెడతారు. కప్‌ని ముందుగా వెచ్చబెడితే అది నిజంగా గొప్పగా ఉంటుంది.

బిస్కెట్ లేకుండా చేసే పాత క్యాంపు వంటకం ఒకటుంది: అరటిపండు పడవ. పండుని తొక్కతోనే పొడవునా చీల్చి, లోపల చాక్లెట్ ముక్కలు, చిన్న మార్ష్‌మాలోలు కూరి, రేకు కాగితంలో చుట్టి నిప్పుల అంచున పెట్టాలి. అమెరికాలో దొరికే పెద్ద పండుకి 6 నుంచి 8 నిమిషాలు. చక్కెరకేళి అయితే తొక్క పల్చన, పండు చిన్నది, నాలుగు నిమిషాలకే తీసి చూడండి. బాగా మగ్గినది వద్దు, ముద్దయిపోతుంది. పైన నిమ్మకాయ పిండుకుని, చెంచాతో తినాలి.

పాకం పట్టడం తెలిసినవాళ్లు మార్ష్‌మాలోని ఇంట్లోనే చేసుకోవచ్చు. 20 గ్రాముల జెలటిన్‌ని 120 మి.లీ. చల్లటి నీళ్లలో నానబెట్టండి. 300 గ్రాముల పంచదార, 240 మి.లీ. కార్న్ సిరప్ లేదా లిక్విడ్ గ్లూకోజ్, మరో 120 మి.లీ. నీళ్లు, చిటికెడు ఉప్పు కలిపి 115 డిగ్రీలకి, అంటే నీళ్లలో వేస్తే మెత్తటి ఉండ కట్టే పాకం దాకా కాచాలి. దాన్ని జెలటిన్ మీద సన్నటి ధారగా పోస్తూ ఎలక్ట్రిక్ బీటర్‌తో 12 నుంచి 15 నిమిషాలు గిలకొట్టండి. తెల్లగా, చిక్కగా పొంగాక కార్న్‌ఫ్లోర్, పంచదార పొడి చల్లిన పళ్లెంలో పోసి రాత్రంతా ఉంచి ముక్కలు కోయాలి. ఏలకుల పొడి కలిపితే బాగుంటుంది. జెలటిన్ బదులు చైనా గడ్డితో చేస్తే తినడానికి బాగుంటాయి గానీ స్మోర్‌కి కుదరవు. చైనా గడ్డి కరగడానికి 85 డిగ్రీల దాకా కావాలి, అందువల్ల లోపల ఆ సాగే గుజ్జు రాదు.

ఇంటికి 15 మంది వచ్చినప్పుడు ఒక్కొక్కరికీ కాల్చి పెట్టడం కుదరదు. అప్పుడు ఇనుప మూకుడు అడుగున 200 గ్రాముల చాక్లెట్ ముక్కలు పరిచి, రెండు చెంచాల పాలు చిలకరించి, పైన మార్ష్‌మాలోలు ఖాళీ లేకుండా నిలబెట్టండి. 230 డిగ్రీల ఓవెన్‌లో ఐదు నుంచి ఏడు నిమిషాలు పెడితే పైన రంగు వస్తుంది. మూకుడు పిడికి గుడ్డ చుట్టి, కింద చెక్క పీట వేసి మధ్యలో పెట్టండి. బిస్కెట్లు చుట్టూ పేర్చితే ఎవరిది వాళ్లే ముంచుకుని తింటారు. ఐదు నిమిషాల్లో గట్టిపడటం మొదలవుతుంది, కాబట్టి అందరూ కూర్చున్నాకే ఓవెన్‌లోంచి తీయండి.